కొలత లేకుండా కుట్టిన చొక్కా

నీళ్ళు, ఇంకా నీళ్ళే. చక్రాలు దించిన చప్పుడు కాళ్ళ కింద వినిపించింది కానీ కిటికీలోంచి చూస్తే నేల ఎక్కడా లేదు, అంతా సరస్సే, పచ్చగా తేలుతున్న గుర్రపుడెక్క, దాని మధ్య చేపలవాళ్ళ పడవ ఒకటి, అందులో నిలబడ్డ మనిషి తలైనా ఎత్తలేదు, రోజూ నెత్తిమీద నుంచి పోయే విమానాన్ని ఎవడు చూస్తాడు. నీళ్ళలోకే దించేస్తున్నాడా ఈ మహానుభావుడు అనుకున్నాను. దించితే దించనీ, కొడుకుని నీళ్ళకిచ్చినదాన్ని, నాకింకా ఏం భయం. ఛీ, పాపిష్టి నోరు, ఇంతమంది పిల్లాపాపలతో కూర్చుంటే ఏం మాటలవే ఆవినో అని నన్ను నేనే తిట్టుకున్నాను. నా పక్కన టై కట్టుకున్న పెద్దమనిషి నైరోబీలో ఎక్కినప్పటి నుంచి నిద్రపోయి, ఇప్పుడే లేచి, మూతి తుడుచుకుని, మొహం చూసే నేనూ తమవాళ్ళ మనిషినేనని కనిపెట్టి, "ఎవరిని పూడ్చడానికి వస్తున్నావమ్మా?" అని అడిగాడు. శుక్రవారం విమానం కదా. శుక్రవారం కిసుము వెళ్ళే విమానంలో సగం మంది శనివారం మట్టి వేయడానికి పోయేవాళ్ళే, మా లువో వాళ్ళు బతకడానికి ఎక్కడికైనా పోతారు, పడుకోవడానికి మాత్రం ఇంటికే రావాలి. "నా కొడుకుని" అన్నాను. "అయ్యో తల్లీ" అని కాసేపు తల ఊపి, "బాబు ఈ విమానంలోనే కింద ఉన్నాడా?" అన్నాడు. లేడన్నాను. "ముందే పంపించారా?" లేదన్నాను. ఆయన బెల్టు సర్దుకున్నాడు. పోనీలే, మంచివాడే, అడిగాడు, చాలామంది అడగను కూడా అడగరు. అంతలో నీళ్ళ అంచు నుంచి నల్లటి దారి ఒకటి వచ్చి చక్రాలకి తగిలింది, అందరూ ఒక్కసారి ముందుకి ఊగారు, వెనక ఎవరో చప్పట్లు కొట్టారు, ఒళ్ళో ఉన్న సంచీని నేను రెండు చేతులతో పట్టుకున్నాను.

సంచీలో వాడి చొక్కా ఉంది. నీలం చొక్కా, నేను కుట్టిందే. ఒడెరో ఓడ ఎక్కే ముందు రోజంతా అదే వేసుకుని మొంబాసా వీధులన్నీ తిరిగి, విప్పి తలుపు వెనక మేకుకి తగిలించి, వచ్చాక ఉతుక్కుంటానులే అమ్మా అని వెళ్ళాడు. వాడు ఎప్పుడు ఉతికాడు కనక. పెద్ద చేపల ఓడ, ఎవరెవరో దేశాల వాళ్ళది, సరస్సులో వలలాగిన కుర్రాడికి సముద్రం ఎంతలే అన్నాడు, పంతొమ్మిదేళ్ళు నిండలేదు, మీసం కూడా సరిగా రాలేదు. ఓడ మునిగింది. కొందరు దొరికారు, కొందరి శవాలు దొరికాయి, నావాడిది ఏదీ దొరకలేదు. నాలుగేళ్ళు ఆ చొక్కాని ప్లాస్టిక్ సంచీలో పెట్టి, మూతి గట్టిగా ముడేసి, మిషను కింద డబ్బాలో దాచాను. మరీ ఊపిరాడని రోజున ముడి విప్పి మొహం పెట్టి వెంటనే కట్టేసేదాన్ని, ఎక్కువసేపు తెరిస్తే అయిపోతుందని, ఉప్పు డబ్బాని వానాకాలంలో మూసిపెట్టుకున్నట్టు. చెమట, చేపలు, తలకి రాసుకునే ఆ చవక నూనె, అంతే, ఇంకేం లేదు అందులో, నా కొడుకు తప్ప. మా ఆయన అన్నగారు, పెద్దాయన ఒండిటి, ఫోనులో చెప్పాడు: వాడి ఒంటి చెమట తగిలిన గుడ్డ ఏదైనా ఉంటే పట్టుకురా, కాయకి చుట్టాలి, అప్పుడే వాడికి ఇంటి దారి తెలుస్తుంది అని. శవం దొరకనివాడికి మావాళ్ళు యాగో కాయని పూడుస్తారు. కొమ్మకి తాడేసి వేలాడదీసినట్టు ఉంటుంది ఆ కాయ, మోచేతి కంటే పొడుగు, చంటిబిడ్డంత బరువు. దాన్నే మనిషనుకుని ఏడుస్తారు, పెట్టెలో పెడతారు, మట్టి వేస్తారు. ఇంటికి రాని వాడి ఆత్మ దానిలోకి వస్తుందని.

విమానం మబ్బుల మీద ఉన్నప్పుడు, చివరిసారి ఒక్కసారి, పూడ్చేశాక మళ్ళీ దొరకదు కదా అని, సంచీ తెరిచాను. ప్లాస్టిక్ కవరు లేదు. చొక్కా ఉంది, తెల్లారి బడికి పోయే పిల్లాడిదిలా మడతపెట్టి, ఇస్త్రీ చేసి, మడతల మధ్య మల్లెపూల దండ, సబ్బు వాసన, సాంబ్రాణి వాసన. కాసేపు అది ఎవరి చొక్కానో నాకు తెలియలేదు. తర్వాత తెలిసింది. మ్వానకొంబో బీబీ. మా పక్కింటి ముసలమ్మ, వాళ్ళ మసీదు వీధిలో ఏ ఆడమనిషి కన్నుమూసినా స్నానం చేయించేది ఆవిడే. నిన్న సాయంత్రం నేను సంఘం ఆడవాళ్ళు కొన్న టికెట్ తెచ్చుకోవడానికి బజారుకి పోతే, సర్దిన సంచీ ఇంట్లో ఉంచి, తాళంచెవి ఆవిడ దగ్గరే పెట్టి వెళ్ళాను. పొద్దున్న గుమ్మంలో నన్ను కావలించుకుని, "వాడి బట్ట నేను చూసుకున్నానులే, నువ్వు దిగులు పెట్టుకోకు" అంది. నాకు అర్థం కాలేదు, పెద్దవాళ్ళు ఏదో అంటారులే అనుకున్నాను. చూసుకుంది! ఉతికి ఆరేసి పొగవేసి పంపింది! ఓసి నీ చేతులు పడిపోను అని పైకే అన్నాను కాబోలు, ఆ టై ఆయన నిద్రలో కదిలాడు. అన్నానే గానీ, అంటూ ఉండగానే ఆ ముసలి చేతులు కనపడ్డాయి, కాలరు నలిపి నలిపి రుద్దే చేతులు, అవి నా కొడుక్కే స్నానం చేయించాయి, నీళ్ళలో పోయినవాడికి మంచినీళ్ళ స్నానం. వాళ్ళలో మురికితో సాగనంపరు. మాలో మురికితోనే సాగనంపాలి. ఇద్దరు ముసలాళ్ళు ప్రేమతో చెరో వైపు లాగితే మధ్యలో నావాడు సబ్బునీళ్ళలో కలిసిపోయాడు. తిట్టడానికి కూడా మనిషి లేకుండా చేశాడు దేవుడు నాకు. మల్లెదండ తీసి పారేద్దామనుకున్నాను, విమానంలో ఎక్కడ పారేస్తాం, మళ్ళీ అందులోనే పెట్టాను.

మెట్లు దిగితే ఎండ మొహాన కొట్టింది, వెనకే సరస్సు వాసన, తడి చేప, తడి మట్టి, చిన్నప్పటి నుంచి ఎరిగిన వాసనే. పేరుకి అంతర్జాతీయ విమానాశ్రయం, దిగినవాళ్ళంతా ఒకరికొకరు చుట్టాలే, ఆ ఎండలో నడుస్తూనే నీది ఏ ఊరు, నీది ఏ ఇల్లు అని వంశాలు కలుపుకుంటున్నారు. నేను తల వంచుకుని నడిచాను. ఎవరైనా ఆపి అడిగితే ఏం చెప్పను. నాలుగేళ్ళు నేనే ఒప్పుకోలేదని చెప్పనా. ఒండిటి ఫోను చేసినప్పుడల్లా "శవం చూపించండి, పూడుస్తాను" అనేదాన్ని. ఏమో, ఏ దేశం ఒడ్డునో పడి ఉంటాడు, ఏ జైల్లోనో ఉంటాడు, తల దెబ్బతిని పేరు మర్చిపోయి ఎవరి ఇంట్లోనో గొర్రెలు కాస్తుంటాడు, అలాంటివి వినలేదా మనం? బతికున్నవాడి పేరున కాయని పూడిస్తే వాడు ఎక్కడున్నా ఆ క్షణానే చస్తాడని మా అమ్మమ్మ చెప్పేది. నా చేత్తో నేనే నా కొడుకుని చంపనా? అంటే ఒండిటి మొన్న ఒక మాట అన్నాడు. "నువ్వు ఒడెరోకి ఒక్కడికే తల్లివా? ఆ చిన్నవాణ్ణి సంతలో కొన్నావా?" చిన్నవాడు ఒకెచ్. పెద్దవాడి సంగతి తేలకుండా చిన్నవాడు పెరట్లో ఇల్లు కట్టకూడదు, అది తరాలనాటి కట్టు, అన్నని దాటి కొయ్య పాతితే ఆ ఇంట్లో పిల్లలు నిలవరంటారు. ఒకెచ్ నాలుగేళ్ళు నోరెత్తలేదు. ఇప్పుడు వాడు చేసుకునే పిల్ల మెర్సలీన్ కడుపుతో ఉంది, నెలలు నిండుతున్నాయి, వాళ్ళ అమ్మ ఇంట్లో మాటలు పడుతోంది. లేనివాడి కోసం ఉన్నవాడి బిడ్డని చెట్టు కింద కననివ్వాలా. సరే అన్నాను. ఆ సరే అన్న నోరు ఇంకా చేదుగానే ఉంది.

సామాన్ల గుమ్మం దగ్గరే జనం గుమిగూడి ఉన్నారు, ముందు ఏడుపు వినపడింది, తర్వాత పచ్చటి కొమ్మలు కట్టిన ట్రక్కు కనపడింది. మా విమానం కడుపులోంచే దించారు, పొడుగాటి పెట్టె, గోనెపట్టా చుట్టి, తాళ్ళు కట్టి. నా కాళ్ళ కిందే పడుకుని వచ్చాడన్నమాట ఎవరి బిడ్డో. తల్లి పెట్టె మీద పడి అరిచేతులతో బాదుతోంది, "లేవరా దొంగా! పెళ్ళాన్ని ఎవరికి అప్పజెప్పి పడుకున్నావు? ఇల్లు సగం కప్పి వదిలేశావే, మిగతా రేకులు నీ తాత వేస్తాడా? లేవరా!" అని తిడుతోంది. ఎంత హాయిగా తిడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది, చెప్పకేం, అసూయతో మండిపోయింది. అదృష్టవంతురాలా, బాదడానికి నీకొక పెట్టె ఉంది, లోపల తల ఎటో కాళ్ళెటో నీకు తెలుసు. ఏడుపు విని దాటిపోవడం మాలో లేదు, దారిన పోయేవాళ్ళయినా ఆగి నాలుగు గొంతులు కలిపి పోవాలి. నేను కలిపాను. కలిపానా, అసలు నా గొంతు ఎప్పుడు లేచిందో నాకు తెలియదు, వాళ్ళందరి కంటే పైకి లేచింది, నాలుగేళ్ళుగా ఏ పెట్టె లేక ఎక్కడా పెట్టలేని ఏడుపంతా తెచ్చి ఆ ముక్కూ మొహం తెలియనివాడి మీద పోశాను. ఎవరీవిడ అని ఒకరిద్దరు చూశారు. ఆ తల్లే నా చెయ్యి పట్టుకుంది, మొహమంతా తడి, "నీకెవరు పోయారమ్మా?" అంది. "నా కొడుకు" అన్నాను, "నావాడు ఇంకా రాలేదు." ఆవిడ కొంగుతో నా కళ్ళు తుడిచింది. "వస్తాడులే తల్లీ, ఏడవకు. ఒక్కోసారి చోటు లేక తర్వాతి విమానంలో వేస్తారు" అంది.

"అమ్మా, ఎవరి పెట్టె మీద పడి ఏడుస్తున్నావే?" వెనక ఒకెచ్. "ఎవరిదైతేనేంరా" అన్నాను. నా సంచీ తీసుకోబోయాడు, ఇవ్వలేదు. ఎంత పొడుగయ్యాడు వీడు, నేను తల వెనక్కి వంచి చూడాల్సి వచ్చింది, గడ్డం నున్నగా గీసుకున్నాడు, బుగ్గలు లోపలికి పోయాయి. అన్నం తింటున్నావా అంటే తింటున్నానంటాడు, అబద్ధం. ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన కారు చెట్టు నీడన పెట్టాడు. "ముందు కూర్చుంటావా, వెనకా?" అని అడిగి, నా మొహం కేసి చూడకుండా వెనక తలుపు తీశాడు. వెనక సీటు మీద దుప్పటి చుట్టి ఉంది కాయ. బెల్టు కూడా పెట్టాడు దానికి. "బెల్టేమిట్రా వెధవా!" అన్నాను, నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది. "పెద్దాయన కింద పెట్టొద్దన్నాడమ్మా, డిక్కీలో అసలే వద్దన్నాడు. మలుపుల్లో దొర్లిపోతోంది మరి" అన్నాడు. వాడి తప్పేముంది. మా ఊరి యాగో చెట్టు మొన్నటి వరదకి పోయిందట, ఇద్దరు మనవళ్ళని వెంటబెట్టుకుని ఒండిటే పొద్దున్న ఎక్కడెక్కడో వెతికి కోయించాడట, కోసేటప్పుడు కొమ్మతో మాట్లాడాడట, ఒడెరో, మీ అమ్మ వస్తోంది, ఇక పద అని. నేను వెనకే కూర్చున్నాను. బెల్టు విప్పి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను. బరువుంది. ఆసుపత్రిలో నర్సు మొదటిసారి వాణ్ణి నా చేతుల్లో పెట్టినప్పుడు ఇంతే బరువుండి ఉంటాడు, అప్పుడు వెచ్చగా ఉన్నాడు.

కారు రోడ్డెక్కింది. ఒకెచ్ అద్దంలోంచి నన్ను చూస్తున్నాడు, నేను చూస్తే రోడ్డు చూస్తాడు. ఒబుంగా బస్తీలో పొగ, ఆడవాళ్ళు పెద్ద మూకుళ్ళలో చేపల వెన్నుముళ్ళు వేయిస్తున్నారు, మాంసమంతా ఫ్యాక్టరీలు కోసి విమానాల్లో పరాయి దేశాలకి పంపుతాయి, తలా వెన్నుముల్లూ మాకు. ఒడెరోకి అవంటే ప్రాణం, చప్పరించి చప్పరించి ముల్లుని దువ్వెనలా చేసి తమ్ముడి తల దువ్వేవాడు, వీడు నూనె నూనె అని ఏడ్చేవాడు. "ఆపనా అమ్మా, తింటావా?" అన్నాడు ఒకెచ్, వాడికీ అదే గుర్తొచ్చిందేమో. వద్దన్నాను. మోటారు సైకిలు మీద ముగ్గురు బడిపిల్లలు, వెనకవాడి చొక్కా చేతులు వేళ్ళ దాకా వేలాడుతున్నాయి. నాకు కళ్ళు ముందు అక్కడికే పోతాయి, ఏం చేయను, ఇరవై ఏళ్ళుగా బడి బట్టలే కుడుతున్నాను. జనవరి వస్తే మొంబాసాలో నా మిషను ముందు తల్లుల వరస, ఒక్కొక్కతీ పిల్లాడి భుజం పట్టుకుని ముందుకి తోసి ఒకే మాట, కొంచెం పొడుగ్గా కుట్టు ఫుండీ, పెరిగే పిల్లాడు. మా దేశంలో చేతిపని చేసే ఎవరినైనా ఫుండీ అనే పిలుస్తారు. నేను విసుక్కునేదాన్ని, చెప్పాలా తల్లీ, మడత వదలకుండా ఎప్పుడైనా కుట్టానా అని. లోకంలో పిల్లలందరికీ టేపు పెట్టాను, నా ఇద్దరికి మాత్రం ఎన్నడూ పెట్టలేదు. మా అత్త పెట్టనిచ్చేది కాదు, పిల్లల్ని తాడుతో కొలవకూడదు, కొలతలు తీసేది చచ్చినవాళ్ళకే అనేది. ముసలిదాని చాదస్తం అని నవ్వుకున్నాను గానీ టేపు మాత్రం పెట్టలేదు. కంటి చూపుతోనే కుట్టేదాన్ని. వాడు అన్నం తింటుంటే భుజాలు చూసి, గుమ్మంలో తల వంచితే ఎంత వంచాడో చూసి. ఒక్క అంగుళం తేడా వచ్చేది కాదు. కన్నతల్లి కంటికి టేపెందుకు.

ఒండిటి ఫోను. ఒకెచ్ నాకూ వినపడేట్టు పెట్టాడు. "ఒడెరో వాళ్ళమ్మా, దిగావా? చొక్కా తెచ్చావా?" తెచ్చానన్నాను. ఉతికిన సంగతి చెప్పలేదు. "మంచిది. పెద్దాసుపత్రి ఎదురు వరసలో పెట్టెలు చేస్తారు, చిన్నది తీసుకోండి, కాయకి సరిపడా ఉంటే చాలు, పెద్దది ఎందుకు, రోడ్డు బాగాలేదు, చీకటి పడే లోపు ఇంటికొచ్చేయండి" అన్నాడు. ఆయన మంచికే చెప్పాడు. ఒడెరో వాళ్ళమ్మా. రేపటి నుంచి కూడా ఇలాగే పిలుస్తారా? పిలుస్తారు, మాలో పెద్దకొడుకు పేరు తల్లిని వదలదు. వాడు పోయినా వాడి పేరుతోనే లే, వాడి పేరుతోనే కూర్చో. కారు ఊళ్ళోకి వచ్చింది, గుండ్రటి కూడలి, హారన్లు, మొక్కజొన్న కంకులు కాల్చే బొగ్గులు, బండి మీద సెకండ్ హాండ్ బట్టలు గుట్టలు, పాట పెట్టి తోసుకుంటూ పోయే బస్సులు, ఊరికి ఏమీ పట్టదు. పట్టాలా ఏం. ఈ కూడలిలోనే ఒడెరో చిన్నప్పుడు నా చెయ్యి వదిలి తప్పిపోయాడు, జనంలో వెర్రిదానిలా అరిచాను, వాడు ఒక బండి కింద కూర్చుని కుక్కపిల్లతో ఆడుతున్నాడు, కొట్టాను, కొట్టి ఎత్తుకున్నాను. నాకు తెలియకుండానే ఒళ్ళో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకున్నాను, దుప్పటి జారి గరుకు తొక్క నా మెడకి తగిలింది.

ఆసుపత్రి ఎదురు రోడ్డు పొడుగునా పెట్టెలే, కొత్త చెక్క వాసన, రంపపు పొట్టు కాళ్ళకి మెత్తగా తగులుతుంది. ఒకెచ్ కారు ఆపగానే ఒక వడ్రంగి చెవి మీద పెన్సిలుతో వచ్చాడు, మాటకారి, "రండమ్మా రండి, ఇదిగో ఇది చూడండి, ఇందులో పడుకున్నవాడెవడూ ఇంతవరకు లేచి వచ్చి ఫిర్యాదు చేయలేదు" అన్నాడు. నా మొహం చూసి నాలుక కరుచుకున్నాడు. ఒకెచ్ మెల్లగా, "యాగో, ఫుండీ. చిన్నది చాలు" అన్నాడు, చేతులు ఇంత అని చూపించాడు. "కాయకి కాదు" అన్నాను. "మనిషికి చెయ్యి." "అమ్మా, పెద్దాయన..." "పెద్దాయనకి నేను చెప్పుకుంటాను. నా కొడుకు సొరకాయ కాదు. కాళ్ళు ముడుచుకుని పడుకోడు వాడు, చిన్నప్పటి నుంచి కాళ్ళు బార్లా చాపి పడుకుంటాడు, నీకు తెలియదా? రాత్రంతా నువ్వు తన్నించుకోలేదా?" వడ్రంగి పెన్సిలు తీసి, చెక్క మీద వంగి, "సరేనమ్మా. ఎంత పొడుగు మనిషి?" అన్నాడు.

ఎంత పొడుగు. నోరు తెరిచాను. గుమ్మం గుర్తుంది, వాడు తల వంచడం గుర్తుంది, ఎంత వంచేవాడు, ఇంతా, ఇంకొంచెమా? చెయ్యి పైకెత్తాను, గాలిలో ఎక్కడ ఆపాలో తెలియలేదు. భుజం దాకా వచ్చే వాణ్ణి చూడగలను, బడికి పోయేవాణ్ణి చూడగలను, ఓడ ఎక్కినవాడు దగ్గరికొస్తే చెదిరిపోతున్నాడు. కన్నతల్లి కన్నట. నాలుగేళ్ళకే కొలత మర్చిపోయిన కన్ను. ఒకెచ్ నా చెయ్యి కిందికి దించాడు. "నన్ను కొలువు ఫుండీ" అన్నాడు. "అన్న నాకంటే నాలుగు వేళ్ళు పొడుగు, కలుపుకో." అని నిలబెట్టిన చెక్కకి వీపు ఆనించి, చెప్పులు విప్పి, తల నిటారుగా పెట్టాడు, బడిలో ఎత్తు చూసేటప్పుడు నిలబడేవాడే అలా. వడ్రంగి చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. నేను ఎలా కేక వేశానో తెలియదు, రోడ్డవతలి మనుషులు కూడా తిరిగి చూశారు. "తప్పుకో! దాని దగ్గర్నుంచి ఇవతలికి రా! నీకు మతి పోయిందా, బతికున్నవాడివి, కడుపుతో ఉన్న ఆడదాన్ని పెట్టుకుని పెట్టెకి కొలతిస్తావా! ఒకణ్ణి తిన్నది చాలదా నాకు!" జబ్బ పట్టి లాగాను, వీపు మీద కొట్టాను, రెండు కొట్టాను, ఇంకా కొట్టేదాన్ని. వాడు తప్పుకోలేదు. వాడు ఏడుస్తున్నాడు. ఈ నాలుగేళ్ళలో వాడు ఏడవడం నేను చూడలేదు. "నాకూ గుర్తులేదమ్మా" అన్నాడు. "నాలుగు వేళ్ళంటే అప్పటి నాకంటే. అప్పుడు నేను ఇంతుండేవాణ్ణి. నేనూ పెరిగాను కదమ్మా. ఇప్పుడు వాడెంతో నాకేం తెలుసు."

కొట్టిన చేత్తోనే వాడి మెడ వంచి నా భుజాన వేసుకున్నాను. పెరిగాడు, నిజమే, వీపంతా నా చేతికి అందలేదు. వీడికి ఒక ఇల్లు కావాలి, వీడికి గుమ్మం కావాలి, వీడి బిడ్డకి చూరు కావాలి. ఏడ్చాం ఇద్దరం రంపపు పొట్టులో నిలబడి, వడ్రంగి కారు వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత నేను సంచీ తెరిచాను. మల్లెపూలు వాడిపోయాయి, సాంబ్రాణి వాసన చెక్క వాసనలో కలిసింది. చొక్కాని చెక్క మీద పరిచాను, చేతులు రెండూ కిందికి చాపి, ముడతలు అరిచేత్తో సర్ది, వేసి చూపించే ముందు ఎప్పుడూ ఎలా సర్దుతానో అలాగే. "దీన్నిబట్టి చూసుకో ఫుండీ, నేనూ ఫుండీనే, బట్టకి మనిషిని చూస్తాం, ఈసారి నువ్వు మనిషికి బట్టని చూడు" అన్నాను. వడ్రంగి వంగి భుజాల నుంచి కొలిచాడు, వీపు కొలిచాడు, చెయ్యి పొడుగు కొలిచి చెక్క మీద గీత గీశాడు. చెయ్యి చివర అతని వేళ్ళు ఆగాయి, "ఇక్కడ మందంగా ఉందమ్మా" అన్నాడు. మడత. నేనే వదిలాను, కుట్టినప్పుడు, చేతుల చివర లోపలికి రెండు మడతలు, వచ్చే ఏడు విప్పుకోవచ్చని. విప్పాల్సిన ఏడు రాలేదు. కత్తెర విమానంలో రానివ్వరని ఇంట్లోనే పెట్టి వచ్చాను. చొక్కా చెయ్యి నోటి దగ్గరికి తీసుకుని పంటితో దారం కొరికాను, పటపట తెగింది, రెండో చెయ్యీ కొరికాను. మడత విప్పితే లోపలి గుడ్డ ఎండ తగలని నీలం, కొన్నరోజు ఎలా ఉందో అలాగే ఉంది. చెక్క మీద మళ్ళీ చాపాను. చేతులు అతను గీసిన గీత దాటి పోయాయి.

వడ్రంగి గీత చెరిపి, కొత్తది గీయబోయి, అక్కడేనా అన్నట్టు నాకేసి చూశాడు.

"కొంచెం పొడుగ్గా చెయ్యి ఫుండీ" అన్నాను. "పెరిగే పిల్లాడు."

అతను తల వంచి, పెన్సిలు ఇంకొంచెం కిందికి జరిపాడు.